గుండ్రటి భూమికి కోడ్ రాయడం: విద్యార్థులు వర్చువల్ గ్లోబ్ ప్రాజెక్టును ఎలా చేపట్టాలి

తెర మీద భూగోళాన్ని వేలితో తిప్పుతూ, ఒక నది వెంబడి కిందికి దిగుతూ "ఇది లోపల ఎలా నడుస్తుందో" అని అనుకునే ఉంటారు. ఓపెన్ సోర్స్ వర్చువల్ గ్లోబుల్లో ఆ లోపలంతా తెరిచే ఉంటుంది. చదవొచ్చు, మార్చొచ్చు, మార్చింది బాగుంటే అది అందరి గ్లోబులోకీ చేరుతుంది. ఒక భాషలో ఓ మోస్తరుగా కోడ్ రాయడం వచ్చి, ఇంతవరకూ ఇంకొకరి పెద్ద కోడ్‌లో చెయ్యి పెట్టని విద్యార్థి కోసం ఈ వ్యాసం.

ఒక్క మాట ముందే చెబుతాను. ప్రాజెక్టు అయిపోయి మీరు వెళ్లిపోయాక ఆ గ్లోబులో మీ కోడ్ ఎంత మిగిలింది? నా దృష్టిలో విద్యార్థి ప్రాజెక్టుకు అసలు కొలత అదే. మూడు నెలలు రాత్రింబవళ్లు రాసి, చివరి వారంలో అంతా ఒకేసారి పంపి, ఎవరికీ రివ్యూ చేసే ఓపిక లేక ఏదో మూల బ్రాంచిలో ఉండిపోయిన పనిని నేను చూశాను. అందులో తెలివికి లోటు లేదు, పని చేసిన క్రమమే తప్పు. అందుకే కింద క్రమం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు గ్లోబును ఎంచుకోండి

ఓపెన్ సోర్స్‌లో పేరున్న గ్లోబులు మరీ ఎక్కువేం లేవు. కేడీఈ సమూహం తయారుచేసే మార్బుల్ సీ ప్లస్ ప్లస్‌లో, క్యూటీ లైబ్రరీ మీద రాసింది. దీని గొప్ప సుగుణం ఏమిటంటే, బొమ్మ గీయడానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అడగదు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా గోళం హాయిగా తిరుగుతుంది. వాతావరణం, భూకంపాలు, ఉపగ్రహాలు, గ్రహణాలు, నక్షత్రాలు అన్నీ విడివిడి ప్లగిన్లుగా ఉంటాయి కాబట్టి, కొత్తవాళ్లు మొత్తం కోడ్ తెలియకపోయినా ఒక మూల నుంచి పని మొదలుపెట్టొచ్చు.

సీజియంజేఎస్ బ్రౌజరులో వెబ్‌జీఎల్ మీద నడుస్తుంది. జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకు ఇదే దగ్గరి దారి. 2012లో ఓపెన్ సోర్స్ అయింది, అపాచీ 2.0 లైసెన్సు. కోడ్ పంపేముందు ఒక ఒప్పంద పత్రం మీద సంతకం అడుగుతారు, దాన్ని చదివే చేయండి. నాసా 2004లో విడుదల చేసిన వరల్డ్ విండ్ మొదట విండోస్ కోసం వచ్చింది, తర్వాత జావాలో, ఆపైన జావాస్క్రిప్ట్‌లో రూపాలు వచ్చాయి. ఓఎస్‌జీఎర్త్ అనేది సీ ప్లస్ ప్లస్‌లో భూతలాన్ని గీసే పనిముట్ల పెట్టె. ఓపెన్‌జీఎల్ ముందే తెలిసినవాళ్లకు అది సరిపోతుంది.

ఎంపికకు నేను చూసే గుర్తు ఒకటే. గత మూడు నెలల్లో ఎవరెవరి మార్పులు మెర్జ్ అయ్యాయో, అంటే అసలు కోడ్‌లో కలిశాయో చూడండి. వాటిలో కొత్త పేర్లున్నాయా? కొత్తవాళ్లు పంపిన మార్పుకు మొదటి జవాబు ఎన్ని రోజుల్లో వచ్చింది? జవాబు ఇచ్చేవాళ్లు లేని చోట ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినా విద్యార్థికి ఎడారే. ఎంత పేరున్న ప్రాజెక్టుకైనా ఈ పరీక్ష పెట్టండి, ఎందుకంటే ఒకప్పుడు చురుగ్గా ఉన్నవి తర్వాత నెమ్మదించడం ఈ రంగంలో మామూలే.

ఏ గొడుగు కింద చేస్తారు

గూగుల్ భృతి ఇచ్చి, మెంటర్ల (దారి చూపే అనుభవజ్ఞుల) కింద ఓపెన్ సోర్స్ కోడ్ రాయించే కార్యక్రమం, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, 2005లో మొదలైంది. విద్యార్థులే అయ్యుండాలన్న నియమాన్ని 2022లో సడలించారు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రాజెక్టులు సుమారు 90, 175, 350 గంటల మూడు పరిమాణాల్లో ఉంటాయి. ఇచ్చే భృతి పరిమాణాన్ని బట్టీ, ఉండే దేశాన్ని బట్టీ మారుతుంది. మార్బుల్ లాంటివి కేడీఈ గొడుగు కింద వస్తాయి. భౌగోళిక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చాలావాటికి ఓఎస్‌జియో అనే సంస్థ గొడుగు పడుతుంది. ఏ సంవత్సరం ఏ సంస్థ ఉంటుందో ఆ సంవత్సరం జాబితాలో చూసుకోవాల్సిందే. కేడీఈ సొంతంగా నడిపే సీజన్ ఆఫ్ కేడీఈ కూడా ఉంది.

ఏ గొడుగూ దొరకకపోయినా పని ఆగదు. కోడ్ తెరిచే ఉంది, రివ్యూ చేసేవాళ్లు ఉన్నారు, కళాశాల ప్రాజెక్టుగా కూడా దీన్నే చేయొచ్చు. కార్యక్రమంలో చోటు కోసం మాత్రమే వచ్చి, పేరు రాలేదని వెళ్లిపోయేవాళ్లకంటే, ఎంపిక కాకపోయినా చిన్న చిన్న మార్పులు పంపుతూ ఉన్నవాళ్లు మరుసటి ఏడు ఎంపికయ్యే అవకాశం చాలా ఎక్కువ. మెంటర్‌కు వాళ్ల పని అప్పటికే తెలిసి ఉంటుంది మరి.

బిల్డ్ చేయండి, అది కూడా దరఖాస్తుకు నెలన్నర ముందే

మొదటి గండం ఇదే. మార్బుల్ అయితే గిట్‌తో కోడ్ తెచ్చుకుని, సీమేక్‌తో సిద్ధం చేసి, కంపైల్ చేయాలి. సీజియంజేఎస్ అయితే నోడ్ పెట్టుకుని, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, ఆ తర్వాత ఎన్‌పీఎం స్టార్ట్. చెప్పడానికి రెండు వాక్యాలు. మొదటిసారి చేసేవాళ్లకు మాత్రం రెండు మూడు రోజులు పట్టొచ్చు, కంగారు పడకండి.

కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. సిస్టమ్‌లో ప్యాకేజీగా పెట్టుకున్న గ్లోబు ఉంటే, మీరు బిల్డ్ చేసింది వేరే ఫోల్డరులోకి ఇన్‌స్టాల్ అయ్యేలా చూడండి. లేకపోతే మీరు కోడ్ మార్చినా తెర మీద పాతదే కనిపిస్తుంది. నేను ఒక పూటంతా అలాగే తల బాదుకున్నాను. నేను నడుపుతున్నది నేను కంపైల్ చేసింది కానే కాదని సాయంత్రానికి గానీ తెలియలేదు. అప్పటినుంచీ ఏ కొత్త కోడ్ అయినా ముందు కిటికీ పేరులో ఒక అక్షరం మార్చి, ఆ మార్పు తెర మీద కనిపించాకే ముందుకు వెళ్తాను. మీరూ అదే చేయండి.

రెండో జాగ్రత్త: డీబగ్ బిల్డ్‌లో గోళం నత్తలా తిరుగుతుంది. అది సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని "వేగం పెంచుతాను" అని ప్రపోజల్ రాసేయకండి. వేగం కొలవాలంటే రిలీజ్ బిల్డ్‌లోనే కొలవాలి. మూడోది, ఏదీ ముట్టుకోకముందే టెస్టులన్నీ ఒకసారి నడపండి. ఏవి ముందునుంచే విఫలమవుతున్నాయో రాసిపెట్టుకోండి. రేపు "నీ మార్పువల్లే ఇది విరిగింది" అన్న అనుమానం వస్తే ఆ కాగితమే జవాబు చెబుతుంది.

బిల్డ్ చేసేటప్పుడు వచ్చిన ప్రతి ఇబ్బందినీ, దాన్ని దాటిన తీరునూ రాసుకోండి. సూచనల పత్రంలో ఒక లైబ్రరీ పేరు పాతబడి ఉంటే సరిచేసి పంపండి. అది మీ మొదటి మార్పు అవుతుంది. చిన్నదని సిగ్గుపడకండి. అనుభవజ్ఞులు ఆ పత్రాన్ని ఏళ్ల తరబడి తెరవరు కాబట్టి, కొత్తవాళ్ల కళ్లకు తప్ప ఆ తప్పు ఎవరికీ కనబడదు.

కోడ్ అంతా చదవొద్దు, ఒక్క చుక్క వెంట నడవండి

లక్షల వరుసల కోడ్‌ను మొదటి పేజీ నుంచి చదివి అర్థం చేసుకోవాలనుకుంటే వారంలో నీరుగారిపోతారు. బదులుగా ఒక ప్రశ్న పట్టుకోండి: పటం మీద ఒక చోటుకి గుర్తు పెడితే, ఆ అక్షాంశ రేఖాంశాలు తెర మీద పిక్సెల్‌గా ఎలా మారాయి? డీబగ్గర్‌లో ఆపి, ఒక్కో ఫంక్షన్ దాటుకుంటూ వెళ్లండి. మార్బుల్‌లో ఈ దారి ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన తెర మీద పరిచే పద్ధతి) తరగతుల, అంటే క్లాసుల గుండా పోతుంది. అక్కడ రెండు ముఖ్యమైన పనులుంటాయి. భూమి మీది బిందువును తెర మీదికి తేవడం ఒకటి, తెర మీద నొక్కిన చోటు భూమి మీద ఎక్కడో చెప్పడం రెండోది. ఈ రెండూ అర్థమైతే గ్లోబులో సగం అర్థమైనట్టే.

ఈ దారిలో రెండు గుంటలు కాచుకుని ఉంటాయి. మార్బుల్‌లో బిందువు కట్టే తరగతి, మీరు ఏమీ చెప్పకపోతే ఇచ్చిన సంఖ్యలను రేడియన్లుగా తీసుకుంటుంది. మీరు డిగ్రీలు ఇచ్చి, డిగ్రీలని చెప్పడం మరచిపోతే చుక్క ఎక్కడో సముద్రంలో తేలుతుంది. రెండోది వరుస. మాటల్లో మనం అక్షాంశం, రేఖాంశం అంటాం. పటం మీది చోట్లు, గీతలు దాచే కేఎంఎల్, జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. సీజియంజేఎస్‌లో డిగ్రీల నుంచి బిందువు కట్టే ఫంక్షన్‌లోనూ రేఖాంశమే ముందు. కొత్తవాళ్ల బగ్గుల్లో ఈ రెండూ ఎన్నిసార్లు కనిపించాయో లెక్కలేదు.

ఇంకో దారి టైల్స్‌ది. వెబ్ పటాల పద్ధతిలో ప్రపంచాన్ని సున్నా స్థాయిలో ఒకే చతురస్రంగా తీసుకుని, ఆపై ప్రతి స్థాయిలోనూ ఒక్కోదాన్ని నాలుగుగా కోస్తారు. ఆ చతురస్రపు ముక్కలే టైల్స్. 18వ స్థాయికి వచ్చేసరికి 6,871 కోట్లకు పైగా టైల్స్ అవుతాయి. ఇన్నింటినీ ఎవరూ దించుకోలేరు కాబట్టి, కెమెరాకు దగ్గరున్నవాటికి సన్న టైల్స్, దూరంగా ఉన్నవాటికి ముతక టైల్స్ తెచ్చుకోవడం, తెచ్చినవాటిని క్యాష్‌లో పెట్టుకోవడం, అక్కర తీరినవాటిని పారేయడం గ్లోబుకు నిత్యకృత్యం. ఏ గ్లోబు ఎంచుకున్నా ఈ కోడ్ ఎక్కడుందో వెతికి చూడండి. గోళం తిప్పగానే మొదట మసకగా కనిపించి తర్వాత తేరుకోవడం ఎందుకో అక్కడ తెలుస్తుంది.

ఒక్క బగ్గు సరిచేయండి

కొత్తవాళ్ల కోసం గుర్తుపెట్టిన బగ్గుల జాబితా చాలా ప్రాజెక్టుల్లో ఉంటుంది. అందులో మీ కంప్యూటర్ మీద మళ్లీ పుట్టించగలిగినదాన్నే తీసుకోండి. పుట్టించలేని బగ్గును సరిచేశానని రుజువు చేయలేరు. ముందు ఆ తప్పును పట్టే టెస్టు రాయండి, అది విఫలమవడం చూడండి, ఆ తర్వాత సరిచేయండి. పంపే మార్పులో ఆ ఒక్క పని తప్ప ఇంకేమీ ఉండకూడదు. దారిలో కనిపించిన ఖాళీలు, పేర్లు, వరుసల అమరిక సర్దాలనిపిస్తుంది. చేయి ఆపుకోండి. నాలుగు వరుసల మార్పు నాలుగు వందల వరుసల్లో కలిసిపోతే చూసేవాళ్లకు ప్రాణం విసుగుతుంది.

రివ్యూలో పది లోపాలు చూపిస్తే బాధపడకండి. ఓపిగ్గా పది మాటలు రాశారంటే మీ పనిని వాళ్లు లెక్కలోకి తీసుకున్నారని అర్థం. ప్రతిదానికీ జవాబివ్వండి. ఒప్పుకుంటే సరిచేయండి, ఒప్పుకోకపోతే కారణం చెప్పండి. ఏఐ పనిముట్లతో రాయించిన కోడ్ విషయంలో ప్రాజెక్టు నియమం ఏమిటో ముందే చూసుకోండి. నా మాట మాత్రం ఇది: ప్రతి వరుసా ఎందుకుందో మీరు నోటితో వివరించలేని కోడ్‌ను పంపొద్దు. గోళం లెక్కల్లో చూడటానికి ఒప్పుగా కనిపించి, ధ్రువాల దగ్గర కూలిపోయే కోడ్ చాలా తేలిగ్గా పుడుతుంది.

ఎలాంటి ప్రాజెక్టు తీసుకోవాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సగం జయాపజయాలు ఇక్కడే తేలిపోతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కొత్త ప్రొజెక్షన్ చేర్చడం. గుండ్రటి భూమిని చదునుగా పరిచే ప్రతి పద్ధతీ ఏదో ఒకదాన్ని కాపాడి ఇంకోదాన్ని వంచుతుంది. విస్తీర్ణాన్ని కాపాడేది ఒకటి, కోణాన్ని కాపాడేది ఒకటి, మధ్యబిందువు నుంచి దూరాలను కాపాడేది ఇంకొకటి. సూత్రం పుస్తకాల్లో ఉంటుంది కాబట్టి ఒప్పో తప్పో లెక్కతో తేల్చుకోవచ్చు. బిందువును తెర మీదికి పంపి, తెర మీదినుంచి వెనక్కి తెస్తే అదే బిందువు రావాలి. ఇలా వేలాది బిందువుల మీద టెస్టు రాయొచ్చు. కష్టమంతా అంచుల్లో ఉంటుంది. సమదూర దిగంశ ప్రొజెక్షన్‌నే తీసుకోండి. పటం మధ్యలో ఉన్న బిందువుకు భూమికి ఆవలి వైపున సరిగ్గా ఎదురుగా ఉండే బిందువు, పటంలో చుక్కగా ఉండదు. అంచున ఉన్న వలయమంతా ఆ ఒక్క బిందువే. దాని పక్కనుంచి పోయే గీతను ఎక్కడ తెంచాలి, ఎక్కడ కలపాలి? పటం అంచుకు అవతల నొక్కితే "ఇక్కడ భూమి లేదు" అని ఎలా చెప్పాలి? ఇవి ఆలోచించడానికే ఒక వారం ఇవ్వొచ్చు. ఆ వారం వృథా కాదు.

రెండోది, ఫైలు రకాన్ని చదవడం లేదా రాయడం. కేఎంఎల్ 2008లో ఓజీసీ (భౌగోళిక డేటా ప్రమాణాలు తయారుచేసే సంస్థ) ప్రమాణం అయింది. అయినా అందులోని ప్రతి మూలకాన్నీ ప్రతి గ్లోబూ చదవదు. ఏ మూలకాలు చదవడం లేదో జాబితా రాసి, వాటిలో జనానికి పనికొచ్చే నాలుగైదు చేయడం 175 గంటల్లో చక్కగా సరిపోతుంది. ఒక్కో మూలకం ఒక్కో మార్పుగా పంపొచ్చు. ఇలా ముక్కలుగా తెగే పనే విద్యార్థికి మంచి పని.

కొలతల పనిముట్లు కూడా బాగుంటాయి. గోళం మీద గీసిన బహుభుజి విస్తీర్ణం లెక్కపెట్టడం వినడానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. దానికి మంచి పరీక్ష ఒకటి చెబుతాను. భూమధ్యరేఖ మీద 0 డిగ్రీలు, 90 డిగ్రీలు, ఉత్తర ధ్రువం ఈ మూడూ కలిపితే వచ్చే త్రిభుజం గోళంలో సరిగ్గా ఎనిమిదో వంతు. భూమి ఉపరితలం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు కాబట్టి మీ కోడ్ 6.4 కోట్ల దగ్గర జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఎక్కడో చదునైన భూమి సూత్రం దూరిందన్నమాట.

చంద్రుడు, అంగారకుడి పటాలు, కీబోర్డుతో మాత్రమే గ్లోబు నడపడం, కెమెరా ప్రయాణాలను కథలా కూర్చడం కూడా తీసుకోదగ్గవే.

దూరంగా ఉండాల్సినవి కూడా చెప్పాలి. "బొమ్మ గీసే భాగమంతా కొత్తగా రాస్తాను" అన్న ప్రపోజల్ ఉత్సాహంతో పుడుతుంది, సగంలో ఆగుతుంది. సగం రాసిన రెండరర్ ఎవరికీ పనికిరాదు. బయటి సేవ ఒక్కదాని మీదే నిలబడే ప్లగిన్ కూడా ప్రమాదమే. పనోరామియో అనే ఫోటోల సేవ 2016లో మూతపడింది. దాని ఫోటోలు పటం మీద చూపించే కోడ్ ఎంత చక్కగా రాసినదైనా ఆ రోజుతో పని లేకుండా పోయింది. బయటి సేవ తప్పనిసరి అయితే, దాని స్థానంలో ఇంకోటి పెట్టడానికి వీలుగా మధ్యలో ఒక పొర ఉంచండి.

డేటా హక్కుల మాట ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడే తేలాలి. నేచురల్ ఎర్త్ పటాలు ఎవరైనా వాడుకోవచ్చు, హక్కుల బంధం లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఓడీబీఎల్ అనే బహిరంగ డేటా లైసెన్సు కింద ఉంటుంది. వాడినప్పుడు వాళ్ల పేరు కనిపించేలా చెప్పాలి. ఎత్తుల కోసం ఎక్కువమంది వాడే ఎస్‌ఆర్‌టీఎం కొలతలు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల యాత్రలో సేకరించినవి. అవి ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల వరకే ఉంటాయి, కాబట్టి ధ్రువ ప్రాంతాలకు వేరే ఆధారం చూసుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సొంత టైల్ సర్వరు నుంచి పెద్దమొత్తంలో దించుకోవడం నిషేధం. మీ ప్రోగ్రాము తన పేరు చెప్పుకోవాలి, తెచ్చిన టైల్స్‌ను క్యాష్‌లో దాచుకోవాలి. విరాళాలతో నడిచే సర్వరు అది. పరీక్ష కోసం రాసిన ఒక లూప్ దాన్ని కుంగదీయకూడదు.

ప్రపోజల్ రాయడం

సంస్థ గొప్పతనం గురించి పేరా రాయకండి, అది వాళ్లకు తెలుసు. ఇప్పుడు గ్లోబులో ఏం చేస్తే ఏం జరుగుతుందో, మీ పని అయ్యాక ఏం జరుగుతుందో తెర బొమ్మలతో చూపించండి. ఏ తరగతులు మారతాయో, కొత్తవి ఏవి వస్తాయో పేర్లతో రాయండి. మీరు కోడ్ తెరిచి చూశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఏది చేయబోవడం లేదో కూడా రాయండి. ఆ భాగం రాయడం కష్టం, కానీ తర్వాత మిమ్మల్ని కాపాడేది అదే.

వారాల పట్టికలో ప్రతి రెండు వారాలకూ ఒక మెర్జ్ కాగలిగిన ముక్క ఉండాలి. ప్రొజెక్షన్ ఉదాహరణే తీసుకుంటే, మొదటి రెండు వారాల్లో తెర మీదికి పంపే లెక్క, దాని టెస్టులు. తర్వాత వెనక్కి తెచ్చే లెక్క. ఆ తర్వాత గీతలు తెంచే పని. ఆపైన మెనూ, గుర్తు, సహాయ పత్రం. చివరి రెండు వారాలు ఖాళీగా వదలండి. అవి ఖాళీగా మిగలవు, అయినా వదలండి. పరీక్షల తేదీలు, ఊరికి వెళ్లే రోజులు దాచకుండా చెప్పండి. మెంటర్‌కు ముందే తెలిస్తే అది ప్రణాళిక, తర్వాత తెలిస్తే అది జాప్యం.

గడువుకు కనీసం పది రోజుల ముందు చిత్తుప్రతిని ప్రాజెక్టువాళ్ల చర్చల చోట పెట్టి అభిప్రాయం అడగండి. "నా ప్రపోజల్ ఎలా ఉంది" అంటే ఎవరూ పలకరు. "తెంచే పని ప్రొజెక్షన్ తరగతిలో ఉండాలా, గీత గీసే చోట ఉండాలా" అని అడిగితే తప్పకుండా పలుకుతారు.

కోడ్ రాసేటప్పుడు: భూమి గుండ్రంగా ఉందని గుర్తుపెట్టుకోండి

చదునైన తెర అలవాట్లు గోళం మీద ఎక్కడెక్కడ దెబ్బతీస్తాయో చెబుతాను.

180 డిగ్రీల రేఖాంశం మొదటిది. 179 డిగ్రీల తూర్పు, 179 డిగ్రీల పడమర మధ్య దూరం రెండు డిగ్రీలే. కోడ్‌లో మాత్రం అవి 179, మైనస్ 179. రెండింటి సగటు తీస్తే సున్నా వస్తుంది, అంటే ఫిజీ దగ్గర ఉండాల్సిన చుక్క గ్రీనిచ్ రేఖ మీద కనిపిస్తుంది. నా మొదటి మార్పులోనే, ఒక విమాన మార్గం ప్రపంచ పటం ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా గీత గీసింది. జియోజేసన్ ప్రమాణం ఈ రేఖను దాటే ఆకారాలను అక్కడ రెండుగా కోయమని చెబుతుంది. ఫిజీలోని తవెవునీ ద్వీపం, రష్యాలోని చుకోత్కా ఈ రేఖ మీదే ఉన్నాయి. మీ టెస్టుల్లో ఈ రెండు చోట్లూ తప్పక ఉండాలి.

ధ్రువాలు రెండోది. అక్కడ రేఖాంశానికి అర్థం ఉండదు, ఏ విలువ ఇచ్చినా అదే చోటు. కెమెరా దిశను అక్షాంశ రేఖాంశాలతో నడిపితే ధ్రువం దాటేటప్పుడు గోళం గిర్రున తిరిగిపోతుంది. అందుకే క్వాటర్నియన్లు (తిరుగుడును నాలుగు సంఖ్యల్లో రాసే పద్ధతి) వాడతారు. రెండు దిశల మధ్య నునుపుగా కదలడానికి గోళాకార అంతర్వేశనం ఉంది. మొదట చూసినప్పుడు భయపెట్టే గణితమే, కానీ ఒక ఆదివారం కాగితం మీద కూర్చుంటే లొంగుతుంది. వెబ్ పటాలు ఎక్కువగా వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్ టైల్స్ 85.05 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయని కూడా మరవకండి. ఆ పైన ఏం చూపాలన్నది మీ కోడ్ తేల్చుకోవాలి.

మూడోది సూక్ష్మత. భూమి వ్యాసార్ధం సుమారు 63.78 లక్షల మీటర్లు. 32 బిట్ల ఫ్లోట్‌లో అంత పెద్ద సంఖ్య దగ్గర పక్కపక్క విలువల మధ్య దూరం అర మీటరు. అంటే భూమి కేంద్రం నుంచి కొలిచిన స్థానాలను అలాగే గ్రాఫిక్స్ కార్డుకు ఇస్తే, దగ్గరికి వెళ్లినప్పుడు భవనాలు వణుకుతాయి. మందు ఏమిటంటే, కెమెరాను లేదా దగ్గర్లోని ఒక బిందువును మూలంగా తీసుకుని, తీసివేత డబుల్‌లో చేసి, మిగిలిన చిన్న సంఖ్యనే ఫ్లోట్‌గా పంపడం. సీజియంజేఎస్ ఒక్కో స్థానాన్ని రెండు ఫ్లోట్లుగా విడదీసి పంపే పద్ధతి కూడా వాడుతుంది. ఆ కోడ్ చదవడమే ఒక పాఠం.

నాలుగోది ఆకారం. భూమి పూర్తి గోళం కాదు. డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రామాణిక భూమి ఆకారం లెక్కలో భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6378.137 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర దాదాపు 6356.752. ఇరవై ఒక్క కిలోమీటర్ల తేడా. పాఠశాల పటానికి గోళం చాలు, కొలత పనిముట్టుకు చాలదు. మీ గ్లోబు ఏది అనుకుని లెక్కిస్తోందో ముందు తెలుసుకుని, మీ కోడ్ కూడా అదే అనుకునేలా చూడండి. ఒకటి గోళమనీ ఇంకోటి కాదనీ అనుకుంటే గుర్తులు నేలలోకి దిగబడతాయి, లేదా గాల్లో తేలతాయి.

నెట్‌వర్క్ నుంచి తెచ్చే పని, బొమ్మలు విప్పే పని గోళం తిరిగే త్రెడ్డులో పెట్టకండి. వేలు కదిలినప్పుడు గోళం ఆగితే చూసేవాళ్లకు సాఫ్ట్‌వేర్ చచ్చిపోయినట్టే ఉంటుంది.

వారం వారం

వారానికొకసారి ఏం చేశారో, ఎక్కడ ఆగారో, వచ్చే వారం ఏం చేస్తారో నాలుగు వరుసల్లో రాసి పంపండి. తెర బొమ్మ ఒకటి జోడించండి. గ్లోబు పనిలో బొమ్మ వెయ్యి వివరణల పని చేస్తుంది, పైగా ఎక్కడో వంకర ఉంటే మెంటర్ కన్ను ఇట్టే పడుతుంది. ఒకే చోట రెండు మూడు గంటలు ఆగిపోతే అడిగేయండి. ఏం చేయబోయారు, ఏం ఆశించారు, ఏం జరిగింది, ఇంతవరకూ ఏమేం ప్రయత్నించారు, ఇవన్నీ చెప్పి అడగండి. అలా రాస్తుండగానే జవాబు తట్టడం నాకు చాలాసార్లు జరిగింది. మౌనంగా ఉండిపోవడం మాత్రం వద్దు. రెండు వారాల మౌనం తర్వాత వచ్చే ఎంత మంచి కోడ్ అయినా అనుమానంతోనే చూడబడుతుంది.

ప్రధాన బ్రాంచిలో వచ్చిన మార్పులను రెండు మూడు రోజులకోసారి మీ బ్రాంచిలోకి తెచ్చుకోండి. నెల ఆగితే గొడవలు సర్దడానికే వారం పోతుంది.

ముగించేటప్పుడు

చివరి రెండు వారాల్లో కొత్త కోడ్ మొదలుపెట్టకండి. సహాయ పత్రం, ఒక ఉదాహరణ ఫైలు, తెలిసిన లోపాల జాబితా రాయండి. మిగిలిపోయిన పనులను ఒక్కొక్కటిగా బగ్గుల జాబితాలో నమోదు చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ఫైలు చూడాలో రెండు వాక్యాలు జోడిస్తే, వచ్చే ఏడు వచ్చే విద్యార్థికి అదే మొదటి బగ్గు అవుతుంది. తుది నివేదికలో మెర్జ్ అయిన ప్రతి మార్పుకూ లంకె పెట్టండి, రివ్యూలో ఉండిపోయినవాటిని వేరుగా చూపండి.

ఆ తర్వాత కొన్ని నెలలకు, మీరు రాసిన భాగం పేరుతో ఎవరో తెలియనివాళ్లు ఒక బగ్గు నమోదు చేస్తారు. దక్షిణ ధ్రువం దగ్గర గీత తెగిపోతోందనో, మరొకటో. మీ బిల్డ్ ఫోల్డరు ఇంకా ఉంటే తెరవండి, లేకపోతే మళ్లీ బిల్డ్ చేయండి. ముందు ఆ తప్పును పట్టే టెస్టు రాయండి.